ఆ ఆరు ఎక్కడిది?

త్రిభుజాకారపు అడుగు మీద పేర్చిన బత్తాయిల కుప్పను కదపకుండా, ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా ఎన్నున్నాయో చెప్పొచ్చా అని ఓ పదో తరగతి అమ్మాయి అడిగింది. చెప్పొచ్చు. పైన 1, దాని కింద 3, ఆ కింద వరుసగా 6, 10, 15. ఐదు పొరల కుప్పలో 35 కాయలు.

సూత్రం ఆర్యభటుడిది. 499 నాటి ఆర్యభటీయం, గణితపాదం 21వ శ్లోకంలో ఈ కుప్పను చితిఘనం అన్నాడు. పొరల సంఖ్యతో మొదలుపెట్టి వరుసగా మూడు సంఖ్యలు గుణించి 6తో భాగించమన్నాడు. 5×6×7 అంటే 210, అందులో ఆరో వంతు 35.

సరే, 6తోనే ఎందుకు? ఇంటర్‌లో గణితానుగమనంతో (1కి నిజమని, ఒక సంఖ్యకు నిజమైతే తర్వాతిదానికీ నిజమేనని చూపే పద్ధతితో) నిరూపించేసి ముందుకు వెళ్లిపోతారు. ఆ నిరూపణలో తప్పు లేదు. కానీ 6 ఎక్కణ్నుంచి ఊడిపడిందో అది చూపించదు. పిల్లలకు చూపించాల్సింది అదేనని నా గట్టి నమ్మకం.

కాగితం మీద ఇలా రాయండి:

1
1 2
1 2 3
1 2 3 4
1 2 3 4 5

అడ్డంగా కూడితే 1, 3, 6, 10, 15. అంటే మన పొరలే! ఇప్పుడు ఈ త్రిభుజాన్ని 5 ఉన్న మూల పైకి వచ్చేలా తిప్పండి. పై నుంచి 5, తర్వాత రెండు 4లు, మూడు 3లు, నాలుగు 2లు, ఐదు 1లు. ఇంకోసారి తిప్పితే 5 ఎడమవైపు అడుగుకు చేరుతుంది: 1, ఆ కింద 2 1, ఆ కింద 3 2 1, అలా. మూడు త్రిభుజాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కూడండి. శిఖరంలో 1+5+1, మొత్తం 7. అక్కణ్నుంచి ఒక గడి కుడికి జరిగితే మొదటి త్రిభుజంలో ఒకటి పెరుగుతుంది, రెండోదాంట్లో మార్పు లేదు, మూడోదాంట్లో ఒకటి తగ్గుతుంది. ఎడమ అంచు వెంట కిందికి దిగితే మొదటిది మారదు, రెండోది ఒకటి తగ్గుతుంది, మూడోది ఒకటి పెరుగుతుంది. ఎటు జరిగినా 7 చెక్కుచెదరదు! గడులు 15 కాబట్టి మొత్తం 105. అది మూడు కుప్పల లెక్క, ఒక్కదానికి 35.

మూడు త్రిభుజాలు కూడాం కాబట్టి 3తో భాగించాం. ఆ 15 గడులేమో 5×6లో సగం, అక్కడ 2. రెండూ గుణిస్తే 6.

శ్లోకంలో ఉపపత్తి, అంటే నిరూపణ, ఉండదు, ఫలితమే ఉంటుంది. ఇలాంటి మొత్తాలను దిమ్మెలు పేర్చి కళ్లకు కట్టినవాడు కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి, తన ఆర్యభటీయ భాష్యంలో. ఆర్యభటుడి ఆ శ్లోకంలోనే రెండో దారి కూడా ఉంది: పొరలకు ఒకటి కలిపి, దాని ఘనంలోంచి దాన్నే తీసేసి, 6తో భాగించడం. పది పొరలైతే 11 ఘనం 1331లోంచి 11 పోగా 1320, ఆరో వంతు 220. నోటిలెక్కకు ఇదే హాయి.

48 పొరలు పేరిస్తే 48×49×50లో ఆరో వంతు, అంటే 8×49×50, మొత్తం 19,600. అది 140 వర్గం. త్రిభుజపు కుప్పల్లో వర్గసంఖ్యలు 1, 4, 19,600 మాత్రమేనని 1878లో మేల్ అనే ఆయన నిరూపించాడు. కుప్ప ఎంత ఎత్తు పేర్చినా నాలుగోది దొరకదు.