కప్పల లెక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చెరువు బెకబెకలతో హోరెత్తుతోందంటే కప్పలకు కొదవ లేనట్టే.

వాస్తవం: అరిచేవి దాదాపుగా మగ కప్పలే. అందుకే అరుపుల సర్వేలో కప్పల సంఖ్య కాదు, అరుపుల స్థాయి రాస్తారు. గొంతులు విడివిడిగా వినిపిస్తే 1, కలగలిసినా వేరు చేయగలిగితే 2, ఎడతెగని కోరస్ అయితే 3. చిక్కు ఇక్కడే ఉంది. 400 మగ కప్పలు 200 అయినా కోరస్ కోరస్‌గానే వినిపిస్తుంది, స్థాయి 3 దిగదు. గుడ్లు ముద్దలుగా పెట్టే జాతులైతే ఆ ముద్దలనూ లెక్కపెట్టాలి.

అపోహ: వెళ్లిన రాత్రి వినబడలేదు కాబట్టి ఆ జాతి అక్కడ లేదు.

వాస్తవం: సర్వేలను ఎక్కువగా పాడుచేసేది ఈ నమ్మకమే. ఉన్న జాతి ఒక్కో రాత్రి మనకు దొరికే అవకాశం 50 శాతం అనుకుందాం. మూడు రాత్రులు వెళ్లినా అది అసలు దొరకకపోయే అవకాశం 12.5 శాతం. అదే 30 శాతమైతే, సుమారు 34 శాతం. కాబట్టి ఒకే సీజన్‌లో అదే చోటికి కనీసం మూడుసార్లు వెళ్లాలి. సూర్యాస్తమయం అయిన అరగంటకు మొదలుపెట్టి, ప్రతి చోటా 5 నిమిషాలు వినాలి. గాలి వేడి, గాలి జోరు, వాన, టైము రాసుకోవాలి. కొమ్మలు ఊగేంత గాలి ఉంటే ఆ రాత్రి వదిలేయడమే మేలు. ఏమీ వినబడని చోటునూ సున్నాగా నమోదు చేయాలి. మూడు రాత్రులనూ కలిపి ఒకే వరుసలో "ఉంది" అని రాస్తే, దొరికే అవకాశం ఎంతో ఇక లెక్కగట్టలేం. కొన్ని జాతులు రెండు మూడు రాత్రుల్లోనే జతకట్టి వెళ్లిపోతాయి. వాటికి మన కాళ్లకన్నా గట్టున వదిలిన రికార్డరే నయం.

అపోహ: ఈ ఏడు సగానికి పడిపోయాయంటే అంతరిస్తున్నట్టే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. నీళ్లు తొందరగా ఇంకిపోయిన ఏడాది తోకకప్పలు ఒక్కటీ గట్టెక్కవు; మంచి వానలు పడితే వేలల్లో బయటికొస్తాయి. మరోవైపు, కోస్టారికాలోని మాంటెవెర్డెలో 1987లో 1,500కు పైగా కనిపించిన బంగారు గోదురుకప్పల్లో 1989లో కంటబడింది ఒక్కటే. ఆ తర్వాత ఒక్కటీ కనబడలేదు. మొదటి ఏడాది చూస్తే రెండు పతనాలూ ఒకేలా ఉంటాయి. తేడా తేలడానికి పదేళ్ల లెక్కలైనా కావాలి.

అపోహ: తగ్గుదలకు కారణం కైట్రిడ్ శిలీంధ్రం ఒక్కటే.

వాస్తవం: 2023 నాటి ప్రపంచ అంచనాలో దాదాపు 41 శాతం ఉభయచర జాతులు ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. వాటిలో ఎక్కువ జాతుల్ని దెబ్బతీస్తున్నది ఆవాస నష్టం. చర్మానికి పట్టి ఒంట్లో లవణాల సమతుల్యతను చెడగొట్టే కైట్రిడ్ 17-25 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది; అందుకే చల్లని కొండ వాగుల్లో దాని దెబ్బ తీవ్రం.

అపోహ: కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయి.

వాస్తవం: రావు. మన నుంచే వాటికి ముప్పు: కైట్రిడ్ లాంటి రోగాలను మన చేతులు, బూట్లే ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకెళ్లగలవు. ఒక్కో కప్పకు కొత్త గ్లౌజులు వాడాలి. ఒక చెరువు నుంచి మరో చెరువుకు వెళ్లే ముందు బూట్లు, వలల బురదను బ్రష్‌తో పూర్తిగా వదిలించాలి, ఎందుకంటే బురద ఉంటే బ్లీచ్ శక్తి సన్నగిల్లుతుంది. ఆ తర్వాతే రోగక్రిములను చంపే బ్లీచ్ పట్టించి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఇదంతా నీటికి దూరంగా చేయాలి. గట్టు మీద కడిగితే ఆ బ్లీచ్ తోకకప్పల పాలిట విషమే.