‘వయా’ రాసుకుని వచ్చే ప్యాకెట్లు

2021 ఫిబ్రవరి 9న మైక్రోసాఫ్ట్ విండోస్‌కు కొన్ని ప్యాచ్‌లు ఇచ్చింది. వాటిలో ఒకటి, ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలు) చదివే కోడ్‌లోని లోపానికి. ఆ లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే, ఎక్కడో కూర్చుని మెషిన్‌ని చేజిక్కించుకోవచ్చు. విండోస్ 7, సర్వర్ 2008 లాంటి పాతవాటిలోనూ అది ఉంది. దాని మూలం 1981 నాటి సోర్స్ రూటింగ్‌లో ఉంది.

బస్సు బోర్డు మీద ‘హైదరాబాద్ - విజయవాడ, వయా సూర్యాపేట’ అని ఉంటుంది కదా, అలాంటిదే ఇది. మామూలుగా ప్యాకెట్ దారిని మధ్యలోని రూటర్లే (ప్యాకెట్లను ముందుకు పంపే పరికరాలు) చూసుకుంటాయి. ఇక్కడ మాత్రం పంపేవాడే దారి రాసిస్తాడు. ప్యాకెట్ ముందు భాగంలో అడ్రసులూ వివరాలూ ఉండే ఐపీ హెడర్‌లో ఆప్షన్లకున్న చోటు 40 బైట్లు, అందులో తొమ్మిది అడ్రసులు పడతాయి. లైను ఎక్కడ తెగిందో వెతకడానికి బాగా పనికొచ్చేది.

చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. జవాబు కూడా అదే దారిన వెనక్కి వెళ్తుంది. బర్క్‌లీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, దూరం నుంచి లాగిన్ అయ్యే ఆర్‌లాగిన్ లాంటి సర్వీసులేమో అవతలి అడ్రస్ తెలిసినదైతే పాస్‌వర్డ్ అడక్కుండానే లోపలికి రానిచ్చేవి. దొంగ ఏం చేస్తాడంటే, పంపినవారి చోట నమ్మకమైన మెషిన్ అడ్రస్ వేసి, ‘వయా’ చోట తనది రాస్తాడు. జవాబులన్నీ తన దగ్గరికే వస్తాయి. బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు స్టీవెన్ బెలోవిన్ 1989 ఏప్రిల్‌లోనే ఈ ప్రమాదం గురించి రాశారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మాత్రం టీసీపీ (రెండు మెషిన్ల మధ్య కనెక్షన్ నడిపే పద్ధతి) జవాబులు వచ్చిన దారినే వెళ్లాలని రూల్ పెట్టింది. ఇప్పుడు చదివినా నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత రూటర్లలో దీన్ని ఆపేయడం అలవాటైంది. విండోస్ ఎన్‌టీ 4.0కీ ఆఫ్ చేసే వీలు వచ్చింది. కానీ హెడర్‌లో, తర్వాతి అడ్రస్ ఏదో చూపే పాయింటర్‌లో తప్పు విలువ పెడితే ఆ అడ్డు దాటిపోవచ్చని 1999లో తేలింది. ఐపీ కొత్త వెర్షన్ అయిన ఐపీవీ6లోనూ ఇదే ఆలోచన మళ్లీ వచ్చి, 2007 డిసెంబరులో రద్దయింది.

మరి 2021లో ఏం జరిగింది? విండోస్ ఈ ప్యాకెట్లను ముందునుంచే ఒప్పుకోదు. కాకపోతే తెరిచి చదివి, కుదరదని జవాబు పంపుతుంది. లోపం ఆ చదవడంలోనే ఉంది. వాడని ఫీచర్‌ని చదివే కోడ్‌ను ఇన్నేళ్లు ఉంచడమే అసలు తప్పని నా అభిప్రాయం.

విండోస్ 7కి ఉచిత సపోర్ట్ 2020 జనవరి 14తోనే ముగిసింది. డబ్బు కట్టి సపోర్ట్ పొడిగించుకున్నవాళ్లకే ఈ ప్యాచ్ అందింది. మిగతావాళ్లకు ఉన్న దారి, అలాంటి ప్యాకెట్లను చదవకుండానే పారేసేలా విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే నెట్‌షెల్ కమాండ్‌తో సోర్స్ రూటింగ్ సెట్టింగ్‌ని ‘డ్రాప్’కి మార్చుకోవడం.