ఐసు ఫ్యాక్టరీల చరిత్ర: గంజాం తీరంలో అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో బరంపురం, గోపాలపూర్, ఆర్జిపల్లి వైపు మన తెలుగు మత్స్యకారులకు ఐసు అందించే ఫ్యాక్టరీలలో కంప్రెసర్లను చూసుకోవడం నా వృత్తి. మూతపడిన పాత ఫ్యాక్టరీల గురించి ఊళ్లో వినిపించే కొన్ని మాటలు నిజం కావు. వాటిని సరిదిద్దడం అవసరమని నా నమ్మకం.

అపోహ: ఈ భవనాలు దొరల కాలంలో ఓడల మీద వచ్చిన అమెరికా మంచును దాచడానికి కట్టినవి.

వాస్తవం: బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన తొలి మంచు ఓడ 1833లో కలకత్తా చేరింది. సుమారు 180 టన్నులతో బయలుదేరిన ఆ ఓడలో, నాలుగు నెలల ప్రయాణం తరువాత దాదాపు 100 టన్నులు మిగిలాయి. ఆ వ్యాపారానికి మంచు ఇళ్లు కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఉండేవి. 1897లో వివేకానందుడు బస చేసిన మద్రాసు సముద్రతీరపు భవనం వాటిలో ఒకటి. అవి గోదాములే తప్ప తయారీ స్థలాలు కావు. 1870లలో మద్రాసు, కలకత్తాలలో ఆవిరి యంత్రాలతో ఐసు తయారీ మొదలయ్యాక దిగుమతి మంచుకు గిరాకీ పోయింది. మన పాత భవనాలు ఈ రెండో వంశానికి చెందినవి. నేలలోకి దించిన పొడవైన తొట్టె, దాని పైన డబ్బాలను ఎత్తే కప్పీ పట్టాలు, అమ్మోనియా వాయువును నీటితో చల్లార్చే కండెన్సర్ గొట్టాలు కనిపిస్తే అది తయారీ స్థలమని నిస్సందేహంగా చెప్పవచ్చు.

అపోహ: ఐసులో ఉప్పు, అమ్మోనియా కలుపుతారు.

వాస్తవం: రెండూ నీళ్ల డబ్బాకు వెలుపలే ఉంటాయి. గొట్టాలలో తిరిగే అమ్మోనియా తొట్టెలోని ఉప్పునీటిని సుమారు మైనస్ 10 డిగ్రీలకు చల్లబరుస్తుంది. ఉప్పు వల్ల గడ్డకట్టని ఆ నీటిలో ముంచిన డబ్బాలలోని మంచినీరు గడ్డకడుతుంది. ఇది తొందరపెడితే జరిగే పని కాదు. 30 డిగ్రీల నీటిని సున్నాకు తేవడానికి కిలోకు 30 కిలోకేలరీల వేడిని తీయాలి, ఆ తరువాత గడ్డకట్టించడానికి మరో 80 తీయాలి. పైగా డబ్బా గోడకు పట్టిన ఐసే లోపలి నీటి నుంచి వేడి బయటికి రాకుండా అడ్డుపడుతుంది కనుక, దిమ్మ మందం రెట్టింపైతే పట్టే సమయం సుమారు నాలుగింతలవుతుంది. పాత ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడవడానికి కారణం ఇదే.

అపోహ: దిమ్మ నడుమ తెల్లగా ఉంటే మందు కలిపినట్టు.

వాస్తవం: నీరు అంచుల నుంచి లోపలికి గడ్డకట్టేటప్పుడు అందులో కరిగి ఉన్న గాలి, లవణాలు నడుమకు నెట్టబడి అక్కడ తెల్లగా కనిపిస్తాయి. అయితే ఏ నీటితో చేశారో తెలియని ఐసును పానీయాలలో వేయకూడదు. తినడానికి పనికిరాని ఐసుకు నీలి రంగు కలపాలన్న నిబంధన అందుకే వచ్చింది.

అపోహ: రంపపు పొట్టు ఐసును చల్లబరుస్తుంది.

వాస్తవం: పొట్టుకు సొంత చల్లదనం లేదు, అది బయటి వేడిని ఆపుతుంది.

అపోహ: చేపల పెట్టెలో కరగని ఐసే మంచిది.

వాస్తవం: కరుగుతున్నప్పుడే ఐసు చేపల వేడిని లాగుతుంది. మన ఎండలకు చేప ఎంతో ఐసు కూడా దాదాపు అంతే వేయాలి, దిమ్మగా కాకుండా నలగగొట్టి పొరలుగా పరచాలి, కరిగిన నీరు పోవడానికి పెట్టె అడుగున రంధ్రం ఉంచాలి.