ఎలుక అడ్రినల్ గ్రంథి, వీఐపీ: అపోహలు – వాస్తవాలు

అపోహ: మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఏసీటీహెచ్ అనే హార్మోన్ మాట ఒక్కటే వింటుంది.

వాస్తవం: ఒత్తిడి హార్మోన్ అయిన కార్టికోస్టెరోన్ విషయంలో ఏసీటీహెచ్‌దే పెద్ద పాత్ర. పిట్యూటరీ తీసేసిన ఎలుకలో ఆ హార్మోన్ పడిపోతుంది, గ్రంథి లోపలి పొరలు కుంచించుకుపోతాయి. కానీ ఒంట్లో ఉప్పు, నీటి సమతుల్యత చూసే ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్‌ను తయారుచేసే బయటి పొర, జోనా గ్లోమెరులోసా, చాలావరకు నిలబడుతుంది. దాన్ని ముఖ్యంగా నడిపేవి యాంజియోటెన్సిన్ (రక్తపోటు పెంచే హార్మోన్), రక్తంలోని పొటాషియం. ఇవి కాక, ఆ పొరలోకే వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్) అనే న్యూరోపెప్టైడ్, అంటే నరాలు సంకేతంగా వాడే చిన్న ప్రోటీన్ ముక్క, ఉన్న నరాల పోగులు వెళ్తాయి. పాఠ్యపుస్తకాల్లో ఈ నరాలకు ఒక్క వాక్యమైనా దక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: వీఐపీ పేగులకు సంబంధించినది, అడ్రినల్‌తో దానికేం పని?

వాస్తవం: 1970లో సమీ సయీద్, విక్టర్ మట్ దాన్ని పంది చిన్నపేగు నుంచి వేరుచేశారు, నిజమే. 28 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ మెదడులోనూ ఉంది, ఎన్నో అవయవాల నరాల్లోనూ ఉంది.

అపోహ: వీఐపీ నేరుగా కార్టెక్స్ (గ్రంథి వెలుపలి భాగం) కణాన్ని తాకి ఆల్డోస్టెరోన్ విడుదల చేయిస్తుంది, అంతే.

వాస్తవం: అసలు ఆసక్తికరమైన కథ ఇక్కడే ఉంది. చెక్కుచెదరని ఎలుక గ్రంథి బయటి పొరకు వీఐపీ ఇస్తే ఆల్డోస్టెరోన్ పెరుగుతుంది. అదే కణజాలానికి అటెనొలాల్ కూడా కలిపితే ఆ పెరుగుదల తగ్గిపోతుంది. అటెనొలాల్ బీపీకి వాడే బీటా బ్లాకర్. అది అడ్డుకునేది అడ్రినలిన్ జాతి రసాయనాలనే. అంటే వీఐపీ ముందు పక్కనున్న క్రోమాఫిన్ కణాల (ఈ రసాయనాలను తయారుచేసే కణాలు) చేత వాటిని విడుదల చేయించి, వాటి ద్వారా పని జరిపిస్తోందని అర్థం. ఎలుకలో ఈ కణాలు గ్రంథి నడిమి భాగమైన మెడుల్లాకే పరిమితం కావు, కార్టెక్స్‌లోనూ చెదురుమదురుగా ఉంటాయి. కణాలను ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షిస్తే ఈ ఇరుగుపొరుగు సంబంధం తెగిపోతుంది. పైగా వీఐపీ గ్రంథిలో రక్తప్రవాహాన్ని కూడా పెంచుతుంది, అది విడి కణాల్లో అసలు కనబడదు. గ్రంథి మొత్తాన్ని పెట్టి చేసే కష్టమైన ప్రయోగాలను నేను గట్టిగా సమర్థించేది ఇందుకే.

అపోహ: స్ట్రెస్ ప్రయోగం కాబట్టి ఎలుకలో కార్టిసాల్ కొలవాలి.

వాస్తవం: ఎలుక అడ్రినల్‌లో, కార్టిసాల్ తయారీకి కావాల్సిన 17-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ పనిచేయదు. అక్కడి ముఖ్య హార్మోన్ కార్టికోస్టెరోన్. హార్మోన్ కొలిచే కిట్ ఆర్డర్ చేసే ముందే ఇది చూసుకోండి.

అపోహ: రక్తం ఎప్పుడు తీసినా ఒకటే.

వాస్తవం: ఎలుక రాత్రి తిరిగే జంతువు. కార్టికోస్టెరోన్ చీకటి పడే వేళకు గరిష్ఠానికి చేరుతుంది. పంజరం తెరిచి చేత్తో పట్టుకున్నా కొద్ది నిమిషాల్లోనే పెరగడం మొదలవుతుంది. రోజూ ఒకే వేళకు, పట్టుకున్న రెండు మూడు నిమిషాల్లోపే రక్తం తీయకపోతే, వీఐపీ వల్ల పెరిగింది ఎంత, ఎలుకకు కలిగిన టెన్షన్ వల్ల పెరిగింది ఎంత అన్నది విడదీయలేం.