బుడగలు కాని బుడగలు: పీసీఓఎస్ వెనక కథ

స్కానింగ్ రిపోర్టులో ‘పాలీసిస్టిక్’ అన్న మాట కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. అండాశయంలో నీటి బుడగలట, కోసి తీసేయాలేమో అనుకుంటారు. నిజానికి అవి బుడగలు కావు, సగం పెరిగి ఆగిపోయిన ఫాలికల్స్, అంటే అండం పెరిగే చిన్న సంచులు. ఒక్కోటి సెంటీమీటరు కూడా ఉండదు. పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే ఈ సమస్యలో వాటి పెరుగుదలకు ఏం అడ్డుపడిందో తెలుసుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

1935లో షికాగో డాక్టర్లు స్టీన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీల గురించి రాశారు. నెలసరి సరిగా లేదు, అండాశయాలు ఉబ్బి ఉన్నాయి, కొందరికి ముఖం మీద రోమాలు. అండాశయంలో కొంత ముక్క కోసి తీసేస్తే ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది. ఇద్దరు గర్భం దాల్చారు. హార్మోన్ల మీద వాళ్లకూ అనుమానం ఉంది గానీ, కోత పనిచేసిందిగా! అందరి చూపూ అండాశయం మీదే నిలిచిపోయింది.

అసలు ఆధారం అంతకుముందే ఒకటి దొరికింది. 1921లో ఫ్రాన్స్‌లో ఆషార్, తియెర్ అనే ఇద్దరు ‘గడ్డమున్న ఆడవాళ్ల మధుమేహం’ గురించి రాశారు. పురుష హార్మోన్‌కీ చక్కెరకీ చుట్టరికం ఉందన్నమాట. దాన్ని పీసీఓఎస్‌తో కలిపి చూడడానికి 1980 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా హార్మోన్లను కొలిచే పరీక్షలు వచ్చాయి. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తోందని తేలింది. ఫాలికల్ చుట్టూ ఉండే థీకా కణాల చేత పురుష హార్మోన్ తయారు చేయించేది ఇదే.

1980లో అమెరికా పరిశోధకులు ఈ స్త్రీల రక్తంలో ఇన్సులిన్ పెరిగేకొద్దీ పురుష హార్మోన్లూ పెరుగుతున్నాయని చూపించారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఇక్కడే. కండరాలు ఇన్సులిన్ మాట వినవు, కాబట్టి శరీరం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. అండాశయం మాత్రం వింటూనే ఉంటుంది! అక్కడ ఇన్సులిన్ ఎల్‌హెచ్‌కి తోడై థీకా కణాలను మరింత ఉసిగొల్పుతుంది. కాలేయంలోనూ దాని పని ఉంది. పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను కట్టి ఉంచే ప్రోటీన్‌నూ తగ్గిస్తుంది. అలా విడిపడ్డ ఐజీఎఫ్-1 కూడా మళ్లీ ఆ థీకా కణాల మీదే పనిచేస్తుంది.

తర్వాత ఏఎంహెచ్ వంతు. గ్రోత్ ఫ్యాక్టర్ల కుటుంబానికే చెందిన ఈ హార్మోన్‌ను చిన్న ఫాలికల్సే తయారుచేస్తాయి. అవి ఎక్కువైతే ఇదీ ఎక్కువే. ఫాలికల్‌ను పండించాల్సిన ఎఫ్ఎస్‌హెచ్ అనే మరో పిట్యూటరీ హార్మోన్ ప్రభావాన్ని ఇది తగ్గిస్తుంది. అంటే ఆగిపోయినవి పక్కవాటినీ ఆపుతున్నాయి.

2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాల్లో (నెలసరి సరిగా లేకపోవడం, పురుష హార్మోన్ ఎక్కువవడం, స్కానింగ్‌లో ఈ ఫాలికల్స్ కనబడడం) రెండుంటే చాలు, స్కానింగ్ మామూలుగా ఉన్నా పీసీఓఎస్ కావచ్చు. పేరే తప్పుదారి పట్టిస్తోంది, మార్చండని 2012లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ నిపుణుల బృందం సూచించింది. పెద్దవాళ్లలో స్కానింగ్‌కు బదులు ఏఎంహెచ్ రక్తపరీక్ష వాడవచ్చని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. టీనేజీ పిల్లల్లో మాత్రం నిర్ధారణకు ఆ రెండూ వద్దన్నాయి.