కొత్త రంగు వెనక చెమ్మ: ఇల్లు చూసేటప్పుడు అపోహలు – వాస్తవాలు

విజయవాడలో సివిల్ ఇంజినీర్‌ని. పాత ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్లతో వెళ్లి చూసిపెడుతుంటాను. ఎక్కడికెళ్లినా ఈ మాటలు వినిపిస్తాయి.

అపోహ: కొత్తగా రంగులు వేశారు, ఇంటిని బాగా చూసుకున్నారు.

వాస్తవం: అమ్మేముందు ఎవరైనా రంగు వేయిస్తారు, తప్పు లేదు. కానీ కింది మూడడుగులకే కొత్త రంగు ఉంటే అక్కడ ఆగండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఇక్కడి సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అటువైపు ఇల్లు చూడాలంటే నేను ముందు హాల్లోకి వెళ్లను. మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన, బీరువా వెనక చూస్తాను. రంగు బ్రష్ సాధారణంగా అక్కడిదాకా పోదు. తెల్లటి ఉప్పు పొడి, ఉబ్బిన గుమ్మం, గోడకు అడ్డంగా మరక కనిపిస్తే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిసిపోతుంది. ఎదురింటివాళ్లనూ అడగండి, వాళ్లు దాచరు.

అపోహ: ట్యాపు తిప్పితే నీళ్లొస్తున్నాయి, ప్లంబింగ్‌కి ఢోకా లేదు.

వాస్తవం: నీళ్లు ఎలా పోతున్నాయో చూడాలి. బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు కుమ్మరించండి. మూలన నిలిచిపోతే వాటం సరిగ్గా లేనట్టే. తర్వాత కింది ఫ్లాటుకి వెళ్లి, వాళ్ల బాత్రూమ్ పైకప్పు చూపించమని అడగండి. ఒక జంట మొహమాటపడితే నేనే వెళ్లి తలుపు తట్టాను. పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. పైన మాత్రం టైల్స్ తళతళలాడుతున్నాయి! ఆ రిపేరు అయ్యేదాకా అడ్వాన్స్ ఇవ్వనివ్వలేదు.

అపోహ: గోడకి బీట ఉంటే ఆ ఇల్లు వద్దు.

వాస్తవం: ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత బీటలు మామూలే. బీము, ఇటుక గోడ కలిసేచోట వచ్చేవీ చాలావరకు ప్రమాదం కాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతూ వెడల్పయ్యే బీట, పిల్లర్ మీద చువ్వ వెంబడి నిలువుగా వచ్చే బీట మాత్రం వదలొద్దు. పిల్లర్ మీద వచ్చేది ఎక్కువగా లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బడం వల్లే. పైన సిమెంటు పూస్తే ఆగదు.

అపోహ: ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) క్లియర్, బ్యాంకు లోన్ ఇస్తానంది, ఇంకేం కావాలి?

వాస్తవం: ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. పన్ను బకాయి, రిజిస్టర్ చేయని అగ్రిమెంటు అందులో ఉండవు. వాటికి లాయరు కావాలి. నేను అడిగేది మంజూరైన ప్లాన్. దాన్ని చేతిలో పట్టుకుని టేపుతో కొలవండి. ప్లాన్‌లో ఖాళీ స్థలమని ఉన్నచోట గది లేచిందంటే బేరం అక్కడే ఆపండి.

అపోహ: కొత్త ఫ్లాటే కదా, చూడక్కర్లేదు.

వాస్తవం: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద, అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చెబితే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. అయినా వాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఒకసారి వెళ్లి, కిటికీల కింద గోడని చేత్తో తడిమి చూడండి.