బుట్టలో పడేది మగ ఈగలే

పైకి మచ్చ లేని బంగినపల్లి పండు. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు, అవీ ఎగిరి గెంతేవి. ఇది పండు ఈగ పని. 2014లో యూరోపియన్ యూనియన్ మన మామిడిని కొన్ని నెలలు ఆపేసింది దీని వల్లే. కాయ పక్వానికి వచ్చే వేళ ఆడ ఈగ తొక్కకు కన్నం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు కండలో ఉంటే పైన వేపనూనె ఎంత కొట్టినా ఏం లాభం?

అందుకే చాలామంది మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థాన్ని ఎరగా పెట్టిన బుట్ట కొని కొమ్మకు కడతారు. నాలుగు రోజులకు దాన్నిండా చచ్చిన ఈగలు. చూడటానికి తృప్తిగానే ఉంటుంది కానీ అవన్నీ మగవే. ఈ ఆకర్షణ బయటపడింది మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, సిట్రొనెల్లా నూనెకు ఈగలు మూగుతున్నాయని 1912లో రాశాడు. తర్వాత అసలు కారణం మిథైల్ యూజినాల్ అని తేలింది. కొన్ని తులసి రకాల్లోనూ ఇది ఉంటుంది. మగ ఈగ దీన్ని తిని, ఆడదాన్ని రప్పించే వాసనగా మార్చుకుంటుంది. అంటే మనం దాని పెళ్లి అత్తరును ఎరగా పెడుతున్నామన్నమాట!

చిక్కేమిటంటే, మిగిలిన కొద్ది మగవే చాలా ఆడవాటితో జతకట్టగలవు. 1960లలో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ ఎరకు విషం కలిపి, విమానాల నుంచి జారవిడిచి ఈగను పూర్తిగా తుడిచిపెట్టారు. చుట్టూ సముద్రం కాబట్టి కుదిరింది. మన పెరటి గోడ ఈగకు ఒక లెక్కా? వీధంతా కడితే బుట్టకు బలం. ఒక్కరే కడితే అరకొరే.

నా లెక్కలో అసలు పని చెట్టు కింద ఉంది. రాలిన పండులోని పురుగు బయటికొచ్చి మట్టిలో దూరి, కోశంగా మారి, ఒకటి రెండు వారాల్లో ఈగై లేస్తుంది. అందుకని రాలినవి రోజూ ఏరి, ప్లాస్టిక్ సంచిలో బిగించి కొన్నాళ్లు ఎండలో పడేయాలి. లేదా రెండడుగుల లోతున పాతిపెట్టాలి. ఎరువు గుంటలో వేస్తే ఈగలను పెంచుతున్నట్టే. గోడ అవతలికి విసిరితే పక్కింటివాళ్లతో పాటు మనకూ పంచుతున్నట్టు. చెట్టు కింద మట్టి కాస్త తిరగేసి కోళ్లను వదిలితే కోశాలను అవే ఏరుకుంటాయి.

చేతికందే కాయలకైతే కోడిగుడ్డంత ఉన్నప్పుడే కాగితం కవర్లు తొడగడం మేలు. పై కొమ్మలకు ఎవరెక్కుతారు?

ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు కనిపిస్తే మాత్రం తగలబెట్టకండి. అవి తిరిగే కాయల మీద గుడ్లు పెట్టడానికి ఆడ ఈగ జంకుతుందని ఆఫ్రికాలోని బెనిన్ తోటల్లో చూశారు. కాకపోతే కోతకు చెట్టెక్కినవాణ్ణీ అవి ఊరికే వదలవు.